రెండు హారన్ల నడుమ

షాపు నుంచి,
ఆదివారం

అక్కకి,

ఉత్తరం చూడగానే ఎవరో పోయారని కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే నువ్వు "ఊ" అని, "సరే" అని పెట్టేస్తావు. ఆ రెండు ముక్కల కోసం నేను పూటంతా మాటలు కూడగట్టుకోవడం దండగనిపించి రాస్తున్నాను. కాగితాన్నయితే మధ్యలో పెట్టెయ్యలేవు కదా.

షాపు వెనక రేకుల షెడ్డు కారుతోందని ఈ వారం ఖాళీ చేశాను. నాన్న పోయి రెండేళ్ళయినా దాని జోలికి వెళ్ళబుద్ధి కాలేదు. లోపల ఆయన దాచని వస్తువు లేదు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు, మూతల్లేని రేడియోలు, ఎవరివో తెలియని మైకులు. అన్నిటికన్నా వెనక, గోడకి ఆనించి, టార్పాలిన్‌లో చుట్టి, తాడుతో ముడి మీద ముడి వేసి ఏదో ఉంది. ఆ ముళ్ళు విప్పేసరికి నా తాతలు దిగొచ్చారు.

రెండు పాత లౌడ్‌స్పీకర్ హారన్లు. ఇప్పుడెవరూ చెయ్యని రకం, ఒక్కోదాన్నీ ఎత్తడానికే ఇద్దరు కావాలి. ఆకుపచ్చ రంగు పెచ్చులూడిపోయినా పక్కన తెల్లటి అంకెలు కనపడుతూనే ఉన్నాయి. మన క్వారీవే. నువ్వు మైకు ముందు కూర్చునే రోజుల్లో ఆఫీసు కప్పు మీద పక్కపక్కన ఉండేవి చూడు, అవే. క్వారీ మూసేసి సామాన్లు వేలం వేసినప్పుడు నాన్న వెళ్ళాడని తెలుసు గానీ ఏం తెచ్చాడో చెప్పలేదు. చేతికొచ్చిన ప్రతిదాన్నీ విప్పి చూస్తే గానీ నిద్రపట్టని మనిషి వీటిని ఇన్నేళ్ళు ఎందుకు ముట్టుకోలేదో నాకు అంతుపట్టడం లేదు.

ఒకదాని గొంతులో కందిరీగలు గూడు పెట్టాయి. రెండోదాని మూతి మీద ఎవరో కూర్చున్నట్టు సొట్ట. వీటిని బాగుచేసి ఒక్కసారైనా పలికించాలని ఉంది.

నీ కూతురు చిట్టి బాగానే ఉంది. రక్తపరీక్షల ల్యాబులో పని పర్మనెంటు చేశారట. అప్పుడప్పుడు షాపుకొచ్చి కూర్చుంటుంది. నీ ఊసెత్తదు. నేను ఎత్తితే లేచిపోతుంది. నాన్న చివరిచూపుకి నువ్వు ఎందుకు రాలేదని నేను ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

తమ్ముడు


ఆసుపత్రి, బట్టల గది

తమ్ముడికి,

అడగడం లేదంటూనే అడిగావు. నీకు చిన్నప్పటి నుంచీ ఇదే రోగం.

దుప్పట్లు మడతపెట్టే బల్ల మీద పెట్టుకుని రాస్తున్నాను. పక్కన ఉతికే మిషన్లు గోడలు అదిరేలా తిరుగుతుంటాయి. ఇక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేరు, అందుకే ఈ పని నాకు పడింది. మరక పోయిన దుప్పట్లు ఒక వైపు, పోనివి ఒక వైపు. పోనివాటిని చింపి నేల తుడిచే గుడ్డలు చేస్తాం.

వాటిని పాత ఇనుము వాడికి వేసెయ్. అప్పుడు నువ్వు వేరే ఊళ్ళో చదువుకుంటున్నావు. విన్నావే గానీ చూడలేదు, అందుకే నీకు ముచ్చటేస్తోంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఒక్కసారి రాస్తాను, మళ్ళీ అడగకు.

సాయంత్రం జరగాల్సిన పేలుడు, వాన మబ్బు పట్టిందని మధ్యాహ్నానికి మార్చారు. ఎర్రజెండా ఊపేవాడు గట్టుకి అవతల ఉన్నాడు. మేనేజరు పరిగెత్తుకొచ్చి మైకులో చెప్పమన్నాడు. నేను చెప్పాను. మూడుసార్లు చెప్పాను. "పేలుడు ముందుకు జరిగింది, అందరూ పని ఆపి గట్టెక్కండి." కుడివైపు వాళ్ళు ఎక్కారు, ఎడమవైపు వాళ్ళు ఎక్కారు. నడిమి గుంటలో డ్రిల్లు వేస్తున్న మీ బావ ఎక్కలేదు.

తర్వాత విచారణ. పక్కల ఉన్నవాళ్ళు విన్నామన్నారు. గుంటకి సూటిగా వెనక రాళ్ళు ఎత్తుతున్నవాళ్ళు విననే లేదని ఒట్టేసి చెప్పారు. విచారణవాళ్ళు ఆఫీసు వరండాలో నిలబడి హారన్లు పలికించుకుని, బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. కాబట్టి నేను చెప్పలేదని, విన్నామన్నవాళ్ళు నా మీద జాలితో అబద్ధమాడారని తేల్చారు. మొగుడు పోయినదాన్ని ఇంకేం చేస్తాంలే అని ఉద్యోగం తీసేసి చేతులు దులుపుకున్నారు. చిట్టికి అప్పుడు ఏడేళ్ళు. మా ఆడపడుచు దాన్ని దగ్గరికి తీసుకుని, మీ అమ్మ ఫోనులో కబుర్లాడుతూ మైకు సంగతి మర్చిపోయిందని చెప్పింది. నాతో రమ్మంటే పిల్ల రానంది. నా చెయ్యి విదిలించుకుని వాళ్ళ అత్త వెనక్కి వెళ్ళి నిలబడింది.

ఇదీ నీ హారన్ల కథ. షెడ్డు కప్పు వేయించుకో.

అక్క


షాపు నుంచి

అక్కకి,

ఇనుము వాడికి వెయ్యలేదు. నీ మాట వినకపోవడం నాకు కొత్త కాదు, నువ్వూ కొత్తగా బాధపడకు. పైగా ఇది చదివాక నువ్వే మంచిపని చేశావంటావు.

మొదట కందిరీగల గూడు. అవి ఖాళీ చేసి వెళ్ళినా మట్టి మాత్రం కరుడు కట్టింది. నానబెట్టి, కర్రపుల్లతో గీకి గీకి తీశాను. సొట్ట తియ్యడానికి వడ్రంగి చేత మూతి వంపుకి సరిపడా దిమ్మ చేయించి, లోపల దాన్ని ఆనించి బయట నుంచి చెక్క సుత్తితో నాలుగు ఆదివారాలు తట్టాను. గట్టిగా కొడితే రేకు సాగిపోతుంది, సాగితే పలుకు చెడుతుంది. నాన్నే ఉంటే నా చేతి మీద ఒక్కటిచ్చి సుత్తి లాక్కునేవాడు. వెనక బిగించే గుండ్రటి యూనిట్లు ఉంటాయి కదా, అసలు గొంతు వాటిలోదే. రెండింటిలోనూ అదిరి పలికే పల్చటి పొరలు చిరిగిపోయాయి. పెళ్ళిళ్ళకి మైకులు పెట్టే ముసలాయన దగ్గర సరిపడేవి దొరికాయి. బయటికొచ్చే పాత తీగల్ని మాత్రం కదపకుండా పొరలే మార్చాను.

ఒక్కోదాన్ని విడిగా పలికించాను. ఏం గొంతక్కా! ఎదురుగా టైలరు మిషను ఆపి వీధిలోకొచ్చి నిలబడ్డాడు. ఇక ఆగలేక రెండింటినీ పక్కపక్కన దూలానికి బిగించి, ఎరుపుతో ఎరుపు, నలుపుతో నలుపు కలిపి, వెనక ఖాళీ స్థలంలో పెట్టాను. సరిగ్గా ఎదురుగా నిలబడితే మాట పీలగా, ఎవరో గొంతు పట్టుకున్నట్టు వస్తోంది. కుడికి జరిగితే ఖంగుమంటోంది. ఎడమకి జరిగినా ఖంగుమంటోంది. మధ్యకి రాగానే మాయం.

మళ్ళీ విప్పి చూశాను. ఒకదాంట్లో ప్లస్సుకి ఎర్రతీగ టంకం వేసి ఉంది, రెండోదాంట్లో ప్లస్సుకి నల్లతీగ. రంగు చూసి కలిపితే రెండూ ఎదురుబొదురుగా పనిచేస్తాయి. ఒకటి గాలిని ముందుకి నెట్టేటప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. సూటిగా ఎదురుగా ఉన్నవాడి దగ్గరికొచ్చేసరికి రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. పక్కనున్నవాడికి ఏ తేడా తెలీదు, వరండాలో నిలబడ్డ పెద్దమనుషులకి అసలే తెలీదు.

నువ్వు చెప్పావు. బావ సరిగ్గా నడిమి గుంటలో ఉన్నాడు. పీలగా వచ్చిన మాటని డ్రిల్లుకి గాలిచ్చే కంప్రెసరు హోరు మింగేసింది. విన్నామన్నవాళ్ళూ నిజమే చెప్పారు, విననివాళ్ళూ నిజమే చెప్పారు. ఎవడో ఒకడు రెండోదాన్ని తిరగేసి కలిపాడు. ఎవడన్నది ఇప్పుడు తేలేది కాదులే. ఈసారి చిట్టి రాగానే చెప్పేస్తాను. సంతోషంతో చేతులు వణుకుతున్నాయి, అక్షరాలు కుదరకపోతే ఏమనుకోకు.

తమ్ముడు


బట్టల గది

తమ్ముడికి,

చిట్టికి చెప్పకు.

విప్పినవన్నీ బిగించి, ఎలా ఉన్నాయో అలా టార్పాలిన్‌లో చుట్టి పెట్టు. నేను చెప్పానని నాకు తెలుసు. ఆ సంగతి నాకు ఒకరు రుజువు చెయ్యక్కర్లేదు. పిల్ల దాని బతుకు అది బతుకుతోంది, దాన్ని కదపొద్దు.

పెద్ద మిషను బెల్టు తెగింది, రెండు రోజులుగా చేత్తో ఉతుకుతున్నాం. వేళ్ళు పగిలాయి. ఇంతకన్నా రాయలేను.

అక్క


షాపు నుంచి

అక్కకి,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. ఒక్క మాట కోసం వెతికాను, లేదు.

ఇన్నేళ్ళు నీ మీద పడ్డ నింద ఎవడి వల్ల పడిందో, బావ ప్రాణం ఎవడి చేతి పనికి పోయిందో తెలిసే వీలొస్తే ఎవరైనా మొట్టమొదట అడిగేది ఆ ఒక్కటే. ఎవడు కలిపాడు? నువ్వు అడగలేదు.

నేనూ నీకు మొత్తం రాయలేదు. సంతోషంతో చేతులు వణుకుతున్నాయన్నాను. సంతోషంతో కాదు. మొదటి యూనిట్ విప్పినప్పుడు ప్లస్సుకి నల్లతీగ ఉంటే నాకేమీ అనిపించలేదు. అలాగే ఉండాలి కదా అనుకుని ముందుకెళ్ళాను. రెండోదాంట్లో ఎర్రతీగ కనపడగానే నవ్వొచ్చింది. ఏ వెధవ కలిపాడో అని పైకే అన్నాను. అని, ఆగిపోయాను. లోకమంతా ప్లస్సుకి ఎర్రతీగే వేస్తుంది. నల్లతీగ వేసేది ఒక్క మన షాపులోనే.

నాన్న నాకు పని నేర్పిన మొదటి రోజే చెప్పిన గుట్టు అది. మన చేతి పని ఇంకొకడు విప్పితే వాడికి తికమక రావాలి, చచ్చినట్టు మళ్ళీ మన దగ్గరికే రావాలి అని. షాపులో అన్నీ అలాగే కాబట్టి మనకెప్పుడూ తేడా రాలేదు. గర్వంగా ఉండేది. నేను ఇప్పటికీ అలాగే వేస్తున్నాను.

గాలికి ఒక హారన్ కిందపడితే నాన్న దగ్గరికి బాగుచేయించడానికి పంపారని అప్పట్లో నువ్వే చెప్పావు. నాన్న దాన్ని షాపులో ఒంటరిగా పలికించి చూసి ఉంటాడు, బాగానే పలికి ఉంటుంది. క్వారీ ఎలక్ట్రీషియన్ రంగులు చూసి రెండోదాని పక్కన బిగించి ఉంటాడు. ఎవరి పని వాళ్ళు సరిగ్గానే చేశామనుకుని ఉంటారు.

అక్కా, నీకెప్పుడు తెలుసు?

తమ్ముడు


బట్టల గది,
మిషన్లు ఆపేసిన పూట

తమ్ముడికి,

విచారణ మొదలైన రోజు పొద్దున తెలిసింది. నాన్నే చెప్పాడు.

పక్కలవాళ్ళకి వినపడిందట, నడుమవాళ్ళకి వినపడలేదట అని షాపు ముందు ఎవరో అనుకుంటుంటే విన్నాడు. ఆయనకి ఆ ఒక్క మాట చాలు. పని మధ్యలో వదిలేసి ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు. ఆ హారన్ పేలుడు రోజు పొద్దునే బిగించారట. ఏం జరిగిందో నాకు విడమర్చి చెప్పాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. చెప్పి, "నేను వెళ్ళి చెప్పేస్తానమ్మా" అన్నాడు.

నేను వెళ్ళమని అనలేదు, ఆగమనీ అనలేదు. పొయ్యి కట్టేశాను, అంతే. ఆయన చొక్కా మార్చుకుని బయల్దేరాడు. క్వారీ గేటు దాకా వెళ్ళి షాపుకి తిరిగిపోయాడని తర్వాత తెలిసింది. మర్నాడు మళ్ళీ చెప్తానన్నాడు. ఆ మర్నాడూ అన్నాడు. మైకు దగ్గర ఏం చేస్తున్నావు, ఎవరితో మాట్లాడుతున్నావు అని వాళ్ళు నన్ను నిలదీస్తుంటే ఆయన వెనక బెంచీ మీదే ఉన్నాడు. నేను తిరిగి చూశాను. ఆయన తల వంచుకుని తన చేతులు చూసుకుంటున్నాడు.

నేనేదో త్యాగం చేశానని నన్ను నెత్తిన పెట్టుకోకు. నీ చదువు ఆ షాపు మీదే నడిచేదని నాకు తెలుసు, కానీ నీ కోసం కాదు. నా నోటితో కన్నతండ్రిని పట్టివ్వడం నాకు చేతకాలేదు. ఆయనే చెప్పాలి. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అని చూశాను. విచారణ అయిపోయాక కూడా చూశాను. ఊరు వదిలి ఇక్కడికొచ్చాక కూడా, పండో మందో పట్టుకుని వచ్చినప్పుడల్లా, ఈసారి చిట్టికి చెప్పేశానంటాడేమో అని ఆయన ముఖంలోకి చూసేదాన్ని. బస్సు టైమయిందని లేచేవాడు. ఆయన పోయాడని నువ్వు ఫోన్ చేసినప్పుడు నాకు తట్టిన మొదటి మాట, ఇక చెప్పడు. దానికే నా కడుపు మండింది. చివరిచూపుకొచ్చి ఏం చూడను?

వేలంలో అవి కొన్నాడని నీ ఉత్తరంతోనే తెలిసింది. ఇంకెవరూ విప్పకూడదని కొని ఉంటాడు. పారెయ్యడానికి చేతులు రాక ఉంచుకుని ఉంటాడు.

ఇప్పుడు నీకు తెలిసింది. ఇక్కడితో ఆపు.

అక్క


షాపు నుంచి

అక్కకి,

నన్ను తిట్టు. తిట్టించుకోవడానికే రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన వారమే, ఆదివారం నాడు చిట్టి వచ్చింది. హారన్లు దూలానికి అలాగే ఉన్నాయి. ఇవేమిటి మామయ్యా అంది. చెప్పకూడదనే అనుకున్నాను. కానీ అది ఆ అంకెలు చూసింది. చిన్నప్పుడు క్వారీ ఆఫీసు కప్పు మీద చూసినవేనని గుర్తుపట్టింది. వీటిలోనేనా అమ్మ చెప్పనిది అంది. ఆ "చెప్పనిది" అన్న మాట దగ్గర నేను ఆగలేకపోయాను.

తీగలు మార్చలేదు, అప్పుడెలా ఉన్నాయో అలాగే ఉంచాను. పక్కన జనరేటరు వేశాను, కంప్రెసరుకి బదులు. చిట్టిని స్థలం చివర, రెండింటికీ సరిగ్గా ఎదురుగా నిలబెట్టి, నేను లోపలికెళ్ళి మైకు పట్టుకున్నాను. నువ్వు రాసిన మాటలే చెప్పాను. మూడుసార్లు చెప్పి ఆపి బయటికొచ్చాను. అది నా వైపే చూస్తోంది.

"మామయ్యా, ఇంకా మొదలుపెట్టవేం?" అంది.

అక్కా, మళ్ళీ లోపలికెళ్ళి చెప్తూనే ఉన్నాను. అది పక్కకి జరిగి విన్నది, మధ్యకొచ్చి నిలబడింది, మళ్ళీ పక్కకెళ్ళింది. ఎన్నిసార్లు అలా తిరిగిందో. చివరికి మధ్యలోనే, గడ్డిలో చతికిలబడి ఏడ్చింది. వాళ్ళ నాన్న కోసం ఏడ్చిందో నీ కోసం ఏడ్చిందో నాకు తెలీదు.

అంతటితో ఆగితే బాగుండేది. ఎవరు కలిపారంది. చెప్పాను. తాతయ్యకి తెలుసా అంది. తెలుసన్నాను. ముఖం తుడుచుకుని, మరి అమ్మకో అంది. అబద్ధం చెప్పాల్సింది. నా ముఖం చూసి దానికి అర్థమైపోయింది.

అది అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను, దాచే హక్కు నాకు లేదు. "హారన్ పాపం తాతయ్యది. నాకు చెప్పకపోవడం మాత్రం అమ్మది. ఏడేళ్ళప్పుడు చెప్పలేదు సరే, పదిహేడేళ్ళప్పుడు చెప్పొచ్చుగా? తాతయ్య పక్కన కూర్చుని అమ్మని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని మామయ్యా. ఆయన నా తల నిమిరేవాడు. అమ్మ అదంతా జరగనిచ్చింది."

చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత షాపుకి రాలేదు, ఫోనెత్తడం లేదు. నీ మీదున్న ఒక నింద తీసేద్దామని పోయి దాని చేతికి ఇంకోటి ఇచ్చాను.

మనం బాగుచేసిన మైకుసెట్లు ఊళ్ళో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. ఒక్కో ఇంటికీ, ఒక్కో హాలుకీ వెళ్ళి విప్పి, లోకం కలిపినట్టు కలిపి వస్తున్నాను. ఎందుకని అడిగితే చెప్తున్నాను. నాన్న పేరుతో సహా చెప్తున్నాను. కొందరు మన షాపుకి రావడం మానేశారు.

తమ్ముడు


బట్టల గది

తమ్ముడికి,

తిట్టను. నువ్వు చెయ్యకపోతే నేనెప్పటికీ చేసేదాన్ని కాదు.

నీకు చెప్పకుండా మీ ఊరొచ్చి వెళ్ళాను. చెప్తే నువ్వు వెంట వచ్చేవాడివి, మధ్యలో మాట్లాడేవాడివి. ల్యాబు పైనున్న మేడగదిలో ఉంటోందని ఎప్పుడో చెప్పావు, ఆ గుర్తుతో వెళ్ళాను. మెట్లెక్కి తలుపు తట్టాను. తెరిచింది. పొడుగయింది. మీ బావలాగే, ఎదుటివాళ్ళని చూడటానికి తల కొంచెం పక్కకి వంచుతుంది. ఫోటోల్లో అది కనపడదు.

లోపలికి రమ్మనలేదు గానీ గుమ్మానికి అడ్డు తొలిగింది. కుర్చీ ఒకటే ఉంది, అందులో నన్ను కూర్చోమని తను మంచం మీద కూర్చుంది. దారిపొడుగునా నేను సిద్ధం చేసుకున్న మాటలేవీ నోటికి రాలేదు. నువ్వు చిన్నపిల్లవని చెప్పలేదన్నాను. తాతయ్య నీకు దూరమవుతాడని చెప్పలేదన్నాను. అవన్నీ నాకే ఎవరో నేర్పిన మాటల్లా వినపడ్డాయి.

అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "నిజం తెలియక నువ్వు నన్ను వదిలేశావని అనుకుంటూ బతికాను. తెలిస్తే వస్తుందిలే అనుకునేదాన్ని. చెప్పాక కూడా నువ్వు రాకపోతే నాకు ఆ మాట కూడా మిగలదు. ఆ భయానికి చెప్పలేదు. నీ గురించి ఆలోచించలేదు, నా గురించే ఆలోచించుకున్నాను."

దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. కింద వీధిలో ఎవరో బండి స్టార్టు కాక తంటాలు పడుతున్నారు. ఓదార్చాలని చెయ్యి చాపబోయి ఆపుకున్నాను. చిన్నప్పుడు విదిలించుకున్నట్టు విదిలిస్తే తట్టుకోలేను.

"విన్నాను" అంది. లేచి తలుపు దగ్గరికి నడిచి, "ఇక వెళ్ళమ్మా" అంది.

లేచాను. అమ్మా అన్న పిలుపు దాని నోటికి అలవాటుగా వచ్చిందో, కావాలని అందో నాకు తెలీదు. అడగలేదు. మెట్లు దిగి వీధిలోకి వచ్చేదాకా తలుపు వేసిన చప్పుడు కాలేదు. వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే వేసేస్తుందేమోనని.

అక్క